లేపేవాణ్ణి లేపేదెవరు

తన తండ్రిని పొద్దున్నే ఎవరు లేపేవారన్న సందేహం మాస్టారికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది.

ఊరికే పుట్టిన సందేహం కాదు. తండ్రి వృత్తే జనాన్ని నిద్ర లేపడం. మిల్లు నడిచిన రోజుల్లో కార్మికుల ఇళ్లలో గడియారాలు తక్కువ. ఉన్న కాసినీ ఒకదాని మాట ఒకటి వినేవి కావు. మొదటి షిఫ్టుకి గేటు మూశాక వచ్చినవాడు ఆ పూటకి వెనక్కి తిరిగి పోవాల్సిందే. అందుకని ఇంకా చీకటి ఉండగానే తండ్రి పొడుగాటి వెదురు కర్ర భుజాన వేసుకుని బయల్దేరేవాడు. చెప్పి పెట్టుకున్న ఇళ్ల ముందు ఆగి, మేడ మీద కిటికీ రెక్కని కర్ర కొసతో టకటకా తట్టేవాడు. లోపలి మనిషి కిటికీ తీసి ముఖం చూపించి, "లేచాను, పో" అనాలి. ఆ రెండూ అయితేగాని తండ్రి అక్కణ్ణించి కదిలేవాడు కాదు. ముఖం చూపించకుండా లోపల్నుంచే "ఆఁ ఆఁ" అనేవాళ్లు మళ్లీ పడుకుంటారని ఆయనకి అనుభవం.

మిల్లు మేనేజర్లు ఈ పనిని ఇంగ్లీషులో నాక్ అప్ అనేవారు. చేసేవాణ్ణి నాకరప్ అనేవారు. వీధి జనం దాన్ని తమ నోటికి వాటంగా నాకప్పు అని మార్చుకున్నారు. బడి పిల్లలు దాన్ని ఇంకో మెట్టు దించి, మాస్టారి వెంటపడి "నా కప్పు ఏదిరా?" అని ఏడిపించేవారు.

"నాన్నా, అందర్నీ నువ్వు లేపుతావు. మరి నిన్నెవరు లేపుతారు?"

"దేవుడు లేపుతాడు."

తండ్రి అంతకు మించి చెప్పలేదు. మాస్టారు నమ్మారు. నమ్మినా సందేహం మాత్రం పోలేదు. వాన కురిసినా, చలి కొరికినా, తండ్రికి జ్వరం కాసినా ఆ మెలకువ ఒకే వేళకి వచ్చేది. దేవుడి దయ అలా గంట కొట్టినట్టు వేళ తప్పకుండా రావడం ఆ తరవాత తన జీవితంలో మాస్టారు ఎక్కడా చూడలేదు. పొద్దునా సాయంత్రం తప్పకుండా దణ్ణం పెట్టుకునే మనిషే. అయినా చూడలేదు. చిన్నప్పుడు సంగతి తేల్చుకుందామని తండ్రి మంచం పక్కన కాపలా కూర్చుంటే, ప్రతిసారీ మాస్టారే నిద్రపోయారు. కనిపెట్టిందల్లా ఒక్కటే. తండ్రి వీధి గదిలో కిటికీ పక్కన ఒక్కడే పడుకునేవాడు. ఎంత చలిలోనైనా ఒక కాలు దుప్పటి బయటే ఉంచేవాడు. అడిగితే, "ఒళ్లు వేడిరా" అనేవాడు.

తండ్రి పోయి చాలా కాలమైంది. మిల్లు అంతకు ముందే పోయింది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు ఇప్పుడు ఒక నిఘంటువు ఆఫీసులో పని చేస్తున్నారు. ఇంగ్లీషు మాటలకి మన భాషలో అర్థాలు చెప్పే చేతి నిఘంటువు అది. ఆఫీసు ఒక ప్రెస్సు మేడ మీద ఉంది. రెండు బల్లలు, ఒక పెద్ద బల్ల, కిటికీ పక్కన టీ కాచుకునే స్టవ్వు. పెద్ద బల్ల ప్రధాన సంపాదకుడిది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. రెండో బల్ల దగ్గర ప్రతి మాట పక్కనా అది ఎలా పలకాలో రాసే అమ్మాయి కూర్చుంటుంది. మాట పట్టుకుంటే రోజంతా దాన్ని రకరకాలుగా గొణుక్కుంటూ ఉండటంతో ఆమెకి ఉచ్చారణమ్మాయి అని పేరు పడింది.

ఆ వారం కె అక్షరం చివరి పేజీలు అచ్చుకి వెళ్లాలి. నాక్ అప్ మాస్టారి వంతుకే వచ్చింది. ఆయన దాని మీద మనసు పెట్టి పని చేశారు. ఎంత చిన్న మాటకి ఎంత సంసారం! ఇంగ్లీషు వాళ్లు మూడు వందల ఏళ్లుగా దాన్ని ఎటు పడితే అటు వాడారు. తలుపు తట్టి నిద్ర లేపడం ఒకటి. చెక్కలూ మేకులూ దొరికినవి పెట్టి హడావిడిగా ఏదో ఒకటి కట్టి నిలబెట్టడం ఒకటి. మనిషిని ఒళ్లు హూనమయ్యేలా అలసిపోజేయడం ఒకటి. ఆట మొదలయ్యే ముందు ఒళ్లు వేడెక్కడానికి బంతిని అటూ ఇటూ కొట్టుకోవడం ఒకటి. అచ్చాఫీసుల్లో కాగితాల దొంతరని బల్ల మీద తట్టి అంచులు సమం చేయడం ఇంకొకటి. ఈ చివరిదానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. కింద ప్రెస్సులో ఆ పని రోజంతా జరుగుతుంది, పైన టీ గ్లాసులు కదులుతుంటాయి.

మరొక అర్థం ఉంది. అది ఇంగ్లీషు వాళ్లకి కూడా సముద్రం అవతల పుట్టింది, అన్నిటికన్నా బాగా బతికింది. మాస్టారు దణ్ణం పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, "పెళ్లి కాని స్త్రీని గర్భవతిని చేయు" అని రాశారు. పెద్దాయన దాని పక్కన ఎర్ర సిరాతో, "పెళ్లి అయినా కావచ్చు" అని రాసి పంపారు.

అంతవరకూ బాగానే ఉంది. మొదటి అర్థం మీద మాత్రం ఎర్ర సిరా అడ్డంగా ఒక గీత గీసింది.

"ఇది తీసేశారేంటండీ?" మాస్టారు కాగితం పట్టుకుని పెద్ద బల్ల దగ్గరికి వెళ్లారు.

"చోటు లేదు మాస్టారూ. పేజీ పొంగిపోతోంది. చచ్చిన అర్థాల్ని మనం మొయ్యలేం."

"మూడు వందల ఏళ్లు బతికిందండీ."

"బతికింది. ఇప్పుడు పోయింది. ఇవాళ మన కుర్రాడెవడైనా పరాయి దేశం వెళ్లి, హోటల్లో గుమాస్తాతో 'నన్ను పొద్దున్నే నాక్ అప్ చెయ్యండి' అన్నాడనుకోండి. ఏమవుతుంది?"

ఉచ్చారణమ్మాయి తలెత్తకుండా, "ఎవరితో అన్నాడన్నదాన్ని బట్టి ఉంటుందండీ" అంది.

"పాత పుస్తకాల్లో తగుల్తుంది కదండీ" అన్నారు మాస్టారు.

"పాత పుస్తకాలు చదివేవాడు పెద్ద నిఘంటువు కొనుక్కుంటాడు. మనది జేబులో పట్టాలి." పెద్దాయన కళ్లజోడు తీశారు. "మన పద్ధతి మీకు తెలుసుగా. సాక్షిని తెండి, గీత చెరిపేస్తా."

ఆ ఆఫీసులో అదొక ఆచారం. ఒకప్పుడు ఒక మాటకి రాసిన అర్థం పాత నిఘంటువులోంచి ఎత్తిందనీ, ఆ పాతవాళ్లు ఇంకా పాతదాంట్లోంచి ఎత్తారనీ, మొదట రాసినవాడు ఎక్కడా విని రాయలేదనీ తేలింది. పెద్దాయనకి రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పటి నుంచీ నియమం పెట్టారు. పోయిందనుకున్న అర్థం చేతి నిఘంటువులో నిలవాలంటే ఆ పని చేసినవాడో, చేయించుకున్నవాడో ప్రాణాలతో ఉండాలి. వాళ్లు తమ నోటితో చెప్పాలి. పాత లారీలకి ముందు నుంచి ఇనప కడ్డీ పెట్టి తిప్పిన డ్రైవరు ఒకాయన అలాగే వచ్చి, క్రాంక్ అప్ అనే మాటని నిలబెట్టి, టీ తాగి, మెట్లు దిగి వెళ్లాడు.

"సాక్షి నేనే ఉన్నానుగా" అన్నారు మాస్టారు. "మా నాన్న చేసిన పనే అది. కళ్లారా చూశాను."

"చూసినవాడు కోర్టులో పనికొస్తాడు. ఇక్కడ పనికిరాడు. మిమ్మల్ని ఎప్పుడైనా మీ నాన్నగారు కర్రతో తట్టి లేపారా?"

మాస్టారికి అబద్ధం ఆడే అలవాటు లేదు. "లేదండీ. దుప్పటి లాగేవాడు."

"అది వేరే క్రియ" అన్నారు పెద్దాయన. "శనివారం సాయంత్రం పేజీ కిందికి పోతుంది. ఈలోగా తెండి."

మాస్టారు తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. తండ్రికి ఫొటో లేదు. మిల్లు ఉన్న చోట ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. ఆయన తట్టిన కిటికీలు మేడలతో సహా పోయాయి. అలాంటి పని ఒకటి ఉండేదని, దాన్ని మనుషులు చేశారని ఇకముందు చెప్పడానికి మిగిలింది ఎర్ర గీత కింద ఉన్న ఆ ఒక్క పంక్తే. "తలుపు గాని కిటికీ గాని తట్టి నిద్ర లేపు." ఎన్నిసార్లు చదువుకున్నా అందులో తీసేయాల్సిన మాట ఆయనకి కనిపించలేదు.

మిగిలిన రోజంతా కాళ్లరిగేలా తిరిగారు. మిల్లులో పని చేసినవాళ్లలో చాలామంది పోయారు. ఉన్నవాళ్లలో ఒకాయనకి చెవులు వినపడవు. "మిమ్మల్ని పొద్దున్నే ఎవరు లేపేవారు?" అని అరిస్తే, "మా ఆవిడ" అని అంతకన్నా గట్టిగా అరిచాడు. ఇంకో ఆవిడ తనకెప్పుడూ రాత్రి షిఫ్టేనంది. మరొకాయన, "ఆ కర్రవాడా! వాడి టకటకకి భయపడి ముందే లేచి కూర్చునేవాణ్ణి" అన్నాడు. ముందే లేచినవాణ్ణి లేపినట్టు కాదు. మాస్టారు థాంక్స్ చెప్పి వచ్చేశారు.

ఇంటికొచ్చేసరికి భార్య ముందు గదిలో స్టూలెక్కి బూజు దులుపుతోంది. ఆమె చేతిలో ఉన్నది మాస్టారి తండ్రి వెదురు కర్రే. కొసకి చీపురు కట్టి ఉంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కర్రకి అదే ఉద్యోగం.

"దొరికాడా మీ సాక్షి?"

"లేదు."

"ఊరందర్నీ లేపిన మనిషి కొడుకుని లేపలేక నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. నేనొచ్చి చెప్పనా సాక్ష్యం?"

"నువ్వు కర్రతో లేపలేదుగా."

"అనిపించలేదని కాదు." ఆమె స్టూలు దిగింది. "ఆ రొట్టెల బాబాయిని అడిగారా? ఉన్నాడుగా ఇంకా. రైలు గేటు అవతల, కొడుకు దగ్గర. మొన్న వాళ్ల కోడలు మందుల షాపులో కనపడింది."

తమ పాత ఇంటికి ఎదురుగా రొట్టెల బట్టీ నడిపిన మనిషి మాస్టారికి బాగా గుర్తే. రాత్రంతా ఆ బట్టీలో వెలుగు ఉండేది.

"ఆయన మిల్లు మనిషి కాడే. ఆయన్ని నాన్నెందుకు లేపుతాడు?"

"ఏమో. మామయ్యగారు ఆఖరి రోజుల్లో ఆయన మాటే పట్టుకున్నారు. 'వాడికొకటి బాకీ ఉండిపోయానమ్మా, వాడికొకటి బాకీ' అని ఒకటే గొణుగుడు. రొట్టెల తాలూకు డబ్బేమో అనుకుని, పోయాక నేనే తీసుకెళ్లి ఇవ్వబోయాను. 'డబ్బు బాకీ కాదమ్మా అది' అని నా చెయ్యి వెనక్కి తోసేశాడు. ఇంకేం బాకీయో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదేం?"

మర్నాడు పొద్దున్నే మాస్టారు రైలు గేటు దాటారు. మేడ మీద వీధి వైపు గది రొట్టెల బాబాయిది. ఇప్పుడు అందరికీ ఆయన రొట్టెల తాత. గదిలో ఒక ఇనప మంచం, కిటికీ, గోడకి చొక్కాలు. తాత దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పిండి పిసికీ పిసికీ చేతులు ఇప్పటికీ కుర్రాడి చేతుల్లా గట్టిగా ఉన్నాయి. మిగతా ఒళ్లంతా వాటి వెనక అరిగిపోయినట్టుంది.

"నాకప్పు కొడుకువి కదూ? అదే ముక్కు. కూర్చో."

మాస్టారు వచ్చిన పని చెప్పారు. నిఘంటువు, గీత, సాక్షి, శనివారం. తాత అంతా విన్నాడు.

"నన్నెవరూ లేపలేదురా అబ్బాయ్. జన్మలో లేపలేదు. బట్టీవాడికి రాత్రే పగలు. ఊరు లేచే వేళకి నా రొట్టెలు చల్లారేవి కూడా. మీ నాన్న నన్ను లేపడమేంటి? నేనే వాణ్ణి లేపేవాణ్ణి."

మాస్టారు కుర్చీలో కొంచెం ముందుకి జరిగారు. "ఏంటి బాబాయ్?"

"నేనే లేపేవాణ్ణి. మొదటి వాయ రొట్టెలు దించగానే రోడ్డు దాటొచ్చేవాణ్ణి. మీ వీధి గది కిటికీలోంచి తాడు వేలాడుతుండేది. దాని రెండో కొస మీ నాన్న కాలి బొటనవేలికి. ఒక్క గుంజు గుంజితే అమ్మో అని లేచి కూర్చునేవాడు. అరిస్తే మీరంతా లేస్తారని నోరు నొక్కుకునేవాడు, పాపం."

కిటికీ, దుప్పటి బయటి కాలు, "ఒళ్లు వేడిరా". మాస్టారికి అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

"మాకు చెప్పలేదేం బాబాయ్?"

"ఎలా చెప్తాడు? ఊరిని లేపేవాడికే లేపేవాడొకడు కావాలని తెలిస్తే ఎవడు పెట్టుకుంటాడు వాణ్ణి? ఎవరైనా అడిగితే దేవుడు లేపుతాడని చెప్తానురా అన్నాడు. చెప్పుకోరా, నేనేం అనుకోను, ఆయనా అనుకోడు అన్నాను."

మాస్టారు భార్య చెప్పిన బాకీ సంగతి అడిగారు.

తాత ముఖం మొదటిసారి కొంచెం సిగ్గుపడింది. "అదా. నెల నెలా ఏదో ఒకటి తీసుకోమని పోరేవాడు. తాడు గుంజడానికి జీతమేంట్రా అన్నాను. మరేం కావాలి అన్నాడు. అప్పుడు చెప్పాను. ఒరేయ్, ప్రపంచమంతా నిద్రపోతుంటే నేను మేలుకుంటాను. పొద్దున రొట్టెలు వెయ్యడానికి ఇళ్లకెళ్తే లోపల ఒక్కటే మాట వినపడేది. 'ఇంకో అయిదు నిమిషాలు.' పిల్లలూ అదే, పెద్దలూ అదే. ఎంత ముద్దుగా అంటార్రా! నాకు ఆ మాట అనే యోగం లేదు. లేపేవాడు ఉంటేగా అనడానికి? అందుకని, నేను రాత్రి పని మానేశాక ఒక్కసారి వచ్చి నన్ను లేపు. అయిదు నిమిషాలంటాను. కాసేపాగి మళ్లీ లేపు. అంతే, బాకీ చెల్లు అన్నాను. సరేనన్నాడు. నేను బట్టీ మానేసేలోపే మిల్లు మూశారు. ఆ తరవాత వాడూ పోయాడు."

ఆ సాయంత్రం మాస్టారు దణ్ణం పెట్టుకుంటూ కాస్త ఇబ్బంది పడ్డారు. ఇన్నేళ్లుగా దేవుడి పేరున వేస్తూ వచ్చిన పని రొట్టెల తాతదని తేలింది. ఆ మాటే పైకి చెప్పుకుని, ఏమనుకోవద్దన్నారు. దేవుడు ఏమీ అనుకున్నట్టు కనపడలేదు. లేపింది ఆయన కాదని కూడా మాస్టారికి పూర్తిగా తేలలేదు. మధ్యలో ఒక తాడూ, ఒక బట్టీ ఉన్నాయి, అంతే. నాన్న చెప్పింది అబద్ధం కాదు, సగం. మిగతా సగం తనే అడగాల్సింది.

మర్నాడు ఆఫీసులో పెద్దాయన అంతా విని గడ్డం గోక్కున్నారు.

"తాడు లాగడం నాక్ కాదు, మాస్టారూ."

"తెలుసండీ. కానీ ఇవాళో రేపో నేను ఆయన్ని కర్రతో తట్టి లేపితే, అప్పుడాయన లేపించుకున్నవాడే అవుతాడుగా?"

పెద్దాయన చాలాసేపు ఆలోచించారు. నియమం పెట్టింది ఆయనే. అందులో ఇలాంటి కంత ఉంటుందని ఆయన అనుకోలేదు. "సాక్షిని తయారుచెయ్యకూడదని మనం ఎక్కడా అనుకోలేదు" అన్నారు చివరికి. "కానీ నేను చూడాలి. సొంత తండ్రి వ్యవహారం, మీ ఒక్కరి మాట మీద నడవదు."

మాస్టారు కర్ర కొస నుంచి చీపురు విప్పుతుంటే భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మళ్లీ కట్టి ఇవ్వాలి" అంది.

ముందుగా ఒక్కరే వెళ్లి చూశారు. తెలతెలవారుతుండగా కర్ర భుజాన వేసుకుని రైలు గేటు దాటి, కిటికీ కిందికి వెళ్లి తలెత్తారు. తాత కిటికీలో కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా? నీకోసమే చూస్తున్నా."

"పడుకోలేదేంటి బాబాయ్?"

"ఈ వేళప్పుడు నాకు నిద్రెక్కడిదిరా? వాయ దించే వేళ కదా."

"కళ్లు మూసుకోండి పోనీ. తడతాను."

"దొంగ నిద్ర నీ పుస్తకంలోకి ఎక్కుతుందా?"

ఎక్కదని మాస్టారికీ తెలుసు. మరునాడు ఇంకా ముందే వెళ్లారు. తాత ఇంకా ముందే లేచి ఉన్నాడు. ఇద్దరూ కిటికీ పైనా కిందా నిలబడి కాసేపు మాట్లాడుకున్నారు. మిల్లు మూసి ఇన్నేళ్లయినా, బట్టీ చల్లారి ఇన్నేళ్లయినా తాత ఒళ్లు మాత్రం షిఫ్టు మారలేదు. అది శుక్రవారం, ఇక మిగిలింది ఒక్క రోజే.

తిరిగి వస్తుంటే పాల ప్యాకెట్లతో కోడలు గుమ్మం దగ్గర ఎదురైంది. "అన్నయ్యగారూ, ఊరికే తిరుగుతున్నారు. ఆయన రాత్రంతా జాగారమే. మధ్యాహ్నం భోజనమయ్యాక పడుకుంటారు చూడండి, అప్పుడు నెత్తిన పిడుగు పడ్డా లేవరు. సాయంత్రం టీకి నేను లేపను కూడా లేపను, వాసనకి ఆయనే లేస్తారు."

శనివారం మధ్యాహ్నం ఆ వీధిలోకి ముగ్గురు వచ్చారు. ముందు కర్రతో మాస్టారు, వెనక గొడుగుతో పెద్దాయన, ఆయన వెనక ఉచ్చారణమ్మాయి. సాయంత్రానికి పేజీ కిందికి పోవాలి. దారిలో మాస్టారికి ఒక్కటే భయం.

"పట్టపగలండీ. పర్వాలేదా?"

"అర్థంలో పొద్దున్నే అని రాశారా మీరు?"

"లేదండీ. తట్టి నిద్ర లేపు అనే రాశాను."

"మంచిపని చేశారు."

ఎండకి వీధి ఖాళీగా ఉంది. సైకిలు రిపేరు షాపతను మాత్రం చక్రం తిప్పడం ఆపి చూస్తున్నాడు. "ఏంటి సార్, కరెంటా?" అన్నాడు.

"కాదు, నిఘంటువు" అన్నారు పెద్దాయన. అతను తల ఊపి మళ్లీ చక్రం తిప్పుకున్నాడు.

మేడ మీద కిటికీ మూసి ఉంది. లోపల్నుంచి గురక వినపడుతోంది. పెద్దాయన ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నారు. "అసలుదే" అన్నారు.

మాస్టారు కర్ర ఎత్తారు. చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు తండ్రి. ఎత్తితే తెలిసింది, కొస బరువుకి కర్ర పక్కకి వాలిపోతుందని. మొదటిసారి గోడకి తగిలింది. రెండోసారి రెక్కకి తగిలింది గాని చప్పుడు రాలేదు. అప్పుడు ఆయన కర్రని కొంచెం వెనక్కి జార్చి, భుజం మీద ఆనించి, మణికట్టు మాత్రం కదిలించారు. టకటక. అది చిన్నప్పుడు దుప్పట్లో పడుకుని దూరపు వీధిలోంచి విన్న చప్పుడే. ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

గురక ఆగింది. మంచం కిర్రుమంది. ఎంతసేపటికో కిటికీ తెరుచుకుంది. తాత ముఖం బయటికొచ్చింది. బుగ్గ మీద దిండు ముడతలు, ఒక పక్కకి లేచిన జుట్టు, ఎక్కడున్నాడో తెలియని కళ్లు.

"ఎవర్రా అది?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆ పేరు బడి రోజుల తరవాత ఆయన నోటితో పలకలేదు.

"నాకప్పుని, బాబాయ్. వేళైంది, లేవండి."

తాత ఆయన్నీ, కర్రనీ, గొడుగునీ మార్చి మార్చి చూశాడు. కళ్లలోకి మెల్లగా ఊరు తిరిగొచ్చింది. ముఖమంతా చిన్నపిల్లాడిలా ముడుచుకున్నాడు.

"ఇంకో అయిదు నిమిషాలు" అన్నాడు. కిటికీ రెక్క వేసుకున్నాడు.

పెద్దాయన జేబులోంచి పేజీ తీసి, గొడుగు కింద, గోడకి ఆనించి, ఎర్ర గీత మీద "ఉండనివ్వండి" అని రాసి సంతకం పెట్టారు. చోటు కోసం, ఆట ముందు బంతి కొట్టుకునే అర్థాన్ని కొట్టేశారు. ఉచ్చారణమ్మాయి ఏదో అనబోతే, "ఆడేవాళ్లకి తెలుసులే, వాళ్లు మనల్ని అడగరు" అన్నారు. తరవాత గొడుగు సర్దుకున్నారు. "సాక్ష్యం సరిపోయింది. పదండి మాస్టారూ, ప్రెస్సు వాళ్లు కాచుకుని ఉంటారు."

"మీరు నడవండి. నేనొస్తాను."

"ఇంకా ఏముంది?"

"మళ్లీ లేపాలండీ. నాన్న మాటిచ్చాడు."

పెద్దాయన ఒక అడుగు వేసి ఆగారు. వెనక్కి వచ్చి సైకిలు షాపు నీడలో నిలబడ్డారు. ఉచ్చారణమ్మాయి కూడా నిలబడింది. షాపతను స్టూలు తెచ్చి వేశాడు. మేడ మీద నుంచి ఈసారి గురక రాలేదు. కానీ మెలకువ ఉన్న చప్పుడూ రాలేదు.

తగినంతసేపు అయిందనిపించాక మాస్టారు కర్ర ఎత్తి తట్టారు.

కిటికీ తెరుచుకుంది. తాత ముఖం చూపించాడు, కిందికి పూర్తిగా వంగి మరీ చూపించాడు.

"లేచాను, పో" అన్నాడు.

మాస్టారు కర్ర దించారు.